మోటారుకు వేసిన మాటు

మా మేనమామ కంచరి సిద్ధయ్య గురించి రాయమని నన్నెవరూ అడగలేదు. అడిగేటంత ఘనకార్యం ఆయన చేయలేదు కూడా. జైలుకు పోలేదు, తుపాకీ పట్టలేదు, సభల్లో దండలు వేయించుకోలేదు. సిద్దిపేట కంచరి గల్లీలో కొలిమి ముందు చతికిలబడి నలభై ఏళ్లు జనం బిందెలకు చిల్లులు పూడ్చాడు, అంతే. అయినా రాస్తున్నాను. ఎందుకంటే మా ఊళ్లో ముసలివాళ్లు కొందరు ఇప్పటికీ నన్ను ఆపి, "మీ మామ దొర మోటారుకు మాటు ఏసిండు గదా, మూడు దినాలు గూడ ఆగలేదట" అని పళ్లికిలిస్తారు. వింటే నాకు ఒళ్లు మండుతుంది. ఆ మాటు ఆగింది మహానుభావులారా. ఆగకుండా ఉంటే ఎంత బాగుండేదో మీకు తెలియదు.

మాటు అంటే తెలియని స్టీలు గిన్నెల తరం కోసం ఒక ముక్క చెప్పాలి. చిల్లు పడ్డ ఇత్తడి, రాగి పాత్రకు తగరం కరిగించి పోసి మూసే అతుకును మాటు అంటారు. మా మామ మాటు వేస్తే పాత్ర అరిగిపోవాలే తప్ప మాటు ఊడేది కాదు. దాని మీద ఆయనకు పట్టరాని గర్వం. ఆయనకున్న ఆస్తి అదొక్కటే కాబట్టి ధారాళంగా ఖర్చుపెట్టేవాడు. ఎవరైనా వచ్చి కొత్త బిందె కావాలంటే, "పాతదానికేమైంది? నేనింకా సావలేదు గదా!" అని కయ్యానికి దిగేవాడు. కొత్త బిందెలు అమ్మేదీ ఆయనే. మా అత్త అమృతమ్మ లోపలి నుంచి, "ఓ సారూ, గిరాకిని తరిమింది సాలు, బువ్వకు రా" అని పిలిచేది.

ఆయనకు పాలిచ్చి బతికించింది కన్నతల్లి కాదు. ఆమె పురిట్లోనే పోయింది. అప్పుడు కుమ్మరి యాదలక్ష్మి అని, ఇత్తడి కరిగించే మట్టి మూసలు చేసి మా తాతకు తెచ్చిచ్చే మనిషి, చంకలో తన బిడ్డతో పాటు ఈయన్ని కూడా ఎత్తుకుంది. కులం కాని పాలేమిటని గల్లీ పెద్దలు సణిగితే మా తాత, "అయితె మీ ఇండ్లకెల్లి పంపుండ్రి పాలు" అన్నాడట. పెద్దలందరికీ ఒక్కసారిగా వేరే పనులు గుర్తొచ్చాయి. అప్పటి నుంచి మామకు ఆమే అవ్వ. ఆమె ఊరు ఎర్రగుంట, తొగుట దారిలో సిద్దిపేటకు ఐదు మైళ్లు. నెలకోసారి మట్టి కోసం అనే సాకుతో నడిచి వెళ్లి, ఆమె జొన్నపిండి ఉడికించి పెట్టిన గటక తిని వచ్చేవాడు. నేను చెప్పే పందొమ్మిది వందల నలభై నాలుగు నాటికి అవ్వకు అరవై దాటాయి, ఎడమ మోకాలు వాచిపోయి ఉండేది. కొడుకు ఎల్లయ్య భివండి మిల్లుల్లోకి పోయాడు. ఇంట్లో ఆమె ఒక్కతే.

ఇక దొర. తొగుట దాటాక కోటలాంటి ఆయన గడీ ఉండేది. ఏ గడీయో చెప్పను. ఆయన మనవలు ఇప్పుడు చాలా మర్యాదస్తులు, నాకు పెళ్లి పత్రికలు కూడా పంపుతారు. ఆ దొరకు ఒక మోటారు ఉండేది. రెండో ప్రపంచ లడాయి రోజుల్లో లోకమంతా పెట్రోలు దొరక్క బొగ్గు పొయ్యిలు కట్టుకుని బస్సులు నడుపుతుంటే, ఆయన మోటారుకు మాత్రం పెట్రోలు ఎక్కడి నుంచో వచ్చేది. ఎక్కడి నుంచని అడగకూడదు. మంగళవారం, శుక్రవారం సిద్దిపేటలో వకీలు ఇంటికి వచ్చేవాడు. ఆయన మీద ఎవరూ కేసులు వేయలేదు, పాపం, ఆయనే అందరి మీదా వేసేవాడు. వకీలు ఇంట్లో కడుపునిండా తిని, ఒక కునుకు తీసి, పొద్దు వాలాక తిరిగి వెళ్లేవాడు.

ఆ ఎండాకాలం మోటారు రేడియేటర్ కారడం మొదలుపెట్టింది. ఇంజను వేడెక్కకుండా ముందు భాగంలో నీళ్లు నింపే డబ్బా అది. డ్రైవర్ దేవదాసు నెమ్మదస్తుడు, దొరకు భయపడి భయపడి మెడ వంగిపోయినవాడు. పాపం సలహా అడిగాడు. సిద్దిపేటలో సలహాకు కరువేముంది? మోటారు ఎక్కడం మాట అటుంచి తాకి కూడా చూడని పెద్దమనుషులంతా మోటారు వైద్యులైపోయారు. పసుపు ముద్ద కొట్టమన్నారు ఒకరు. సున్నం బెల్లం నూరి పట్టించమన్నారు ఇంకొకరు. జొన్నపిండి పోస్తే చిల్లులోకి పోయి తానే గడ్డకడుతుందని మూడో ఆయన ఒట్టేసి చెప్పాడు. దేవదాసు రెండు సేర్ల పిండి పోశాడు. మూడు మైళ్లు పోయేసరికి మూత ఎగిరిపడి, మోటారు నడిరోడ్డు మీద గటక వండింది. కుక్కలకు ఆ రోజు పండుగ. చిల్లు మాత్రం చక్కగా అలాగే ఉంది.

అప్పుడు దొర ఆలోచించాడు. విలాయతి ఇంజనీర్ల బుర్రకు తట్టని ఉపాయం ఆయనకు తట్టింది. డబ్బా బాగుచేయడం ఎందుకు? దారిలో నాలుగు ఊళ్లున్నాయి, నాలుగు ఊళ్ల నిండా మనుషులున్నారు. ఊరికి నాలుగు కుండల చొప్పున నీళ్లు పట్టుకుని రోడ్డు మీద నిలబడితే, మోటారు వచ్చి తాగి పోతుంది. వెట్టి చేయించకూడదని సర్కారు ఫర్మానా ఎన్నడో ఇచ్చిందంటారు. ఇచ్చే ఉంటుంది. ఆ కాగితం మా వైపు రావడానికి దానికి మోటారు లేదు కాబట్టి ఇంకా నడిచి వస్తూ ఉండాలి.

ఎర్రగుంటలో ఈ గౌరవం కుమ్మరి ఇంటికి దక్కింది. కుండలు మీవి కాబట్టి నీళ్లు కూడా మీవే అని తేల్చారు. బావి ఇరవై గజాల లోతు. యాదలక్ష్మి చీకటితో లేచి, నాలుగు కుండలు చేది, ఒక్కొక్కటి నెత్తిన పెట్టుకుని రోడ్డుకు మోసి, దుమ్ము పడకుండా బట్ట కప్పి నిలబడాలి. మోటారు ఏ వేళకు వస్తుందో మోటారుకే తెలియదు. కూర్చోకూడదు, దొర వచ్చేసరికి మనిషి నిలబడి కనబడాలి.

మామ వైశాఖంలో ఒక మంగళవారం మట్టికి వెళ్లి ఆమెను అక్కడ చూశాడు. మిట్టమధ్యాహ్నం కావస్తోంది. కొంగు తలమీద వేసుకుని, ఒంటికాలి మీద బరువు ఆనించి నిలబడి ఉంది.

"గిదేందవ్వా? గా కుండలళ్ల నీళ్లు నువ్వన్న తాగరాదు?" అన్నాడు మామ.

"మోటారుకు దూప అయితది కొడుకా. నాకు అయితదా?" అంది అవ్వ.

అంతలో మోటారు బుసకొడుతూ వచ్చింది. దేవదాసు చేతికి గుడ్డ చుట్టుకుని మూత తిప్పాడో లేదో, మరిగిన నీళ్లు ఎగజిమ్మి అవ్వ పాదం మీద పడ్డాయి. ఆమె చేతిలో కుండ దించకుండా పళ్లు బిగబట్టి నిలబడింది. వెనక సీట్లో దొర పాన్ నములుతూ, "జల్ది కానియ్యిండ్రి" అన్నాడు. మోటారు పోయాక చూస్తే పాదం మీద చర్మం లేచిపోయింది. మామ ఆమెను ఎత్తుకుని ఇంట్లో పడుకోబెట్టి, ఐదు మైళ్లు నడిచి వచ్చి, కొలిమి ముందు కూర్చున్నాడట. ఏం చేయాలో తెలియని మనిషి తనకొచ్చిన పనే చేస్తాడు. శుక్రవారం దొర వకీలు ఇంట్లో కునుకు తీస్తుండగా మామ వెళ్లి దేవదాసు పక్కన నిలబడ్డాడు.

"గా నీళ్ల డబ్బా ఏందిది? ఇత్తడి, రాగి. అంతేనా?"

"అంతే సిద్ధన్నా."

"మరి నాది గాదా గది? ఇప్పియ్యి. పొద్దు వాలేలోపు మాటు ఏసి ఇస్త."

దేవదాసు వకీలు ఇంటి తలుపు వైపు చూశాడు. "దొరను అడగకుంటనా? నన్ను బొంద పెడతడు."

"మొన్న అవ్వ కాలు నువ్వే గదా కాల్చింది, దొరను అడిగే కాల్చినవా?"

పాపం దేవదాసు తలవంచుకుని పానా అందుకున్నాడు. ఇద్దరూ కలిసి డబ్బా విప్పి, గోనె కప్పి, దొంగసొత్తులా కంచరి గల్లీకి మోశారు.

ఇంట్లో తగరం ఒక్క కడ్డీ మిగిలి ఉంది. తగరం వచ్చే మలయా దేశం జపానువాళ్ల చేతిలో పడ్డాక తగరం మందుకు కూడా దొరకడం లేదు. అత్త దాన్ని బియ్యం గురిగిలో దాచింది, దసరాకు నలుగురి గిన్నెలకు కళాయి పెట్టాలని. మామ గురిగిలో చెయ్యి పెట్టేసరికి అడ్డం నిలబడింది.

"దొర మోటారుకు మన తగరమా? నీకు మతి ఉన్నదా?"

"మోటారుకు గాదే. అవ్వకు."

అత్త పక్కకు తప్పుకుంది. తప్పుకోవడమే కాదు, తిత్తి ఊదడానికి కూర్చుంది.

ముందు డబ్బాలో గట్టిపడ్డ గటకను చింతపండు ఉడకబెట్టిన నీళ్లతో మూడుసార్లు కడిగారు. తర్వాత మామ దాన్ని నీళ్లతో నింపి, పైనంతా పొడి బూడిద అద్ది చూశాడు. చిల్లు ఎంత సన్నదైనా అక్కడ బూడిద నల్లబడుతుంది. రెండు చోట్ల నల్లబడింది. అసలు కష్టం చిల్లు కాదు. ఆ డబ్బా అంతా సన్న సన్న గొట్టాలు, అన్నీ తగరంతో అతికినవే. ఒక చోట వేడి చేస్తే పక్క అతుకులన్నీ కరిగి ఊడిపోతాయి. మామ కాసేపు గడ్డం గోక్కుని, మూల నుంచి అవ్వ ఇచ్చిన మట్టి తీశాడు. తడిపి పిసికి, ఆ రెండు చిల్లులు తప్ప డబ్బా అంతటికీ మందంగా మెత్తాడు. మట్టి వేడిని తాగింది, అతుకులు కదలలేదు. అతుకు పట్టడానికి చల్లిన నవాసాగరం పొగ గల్లీ అంతా కమ్ముకుంది. కడ్డీ మొత్తం అయిపోయింది. మళ్లీ నీళ్లు నింపి బూడిద అద్దితే, అద్దిన బూడిద అద్దినట్టే తెల్లగా ఉంది. దేవదాసు ఆ డబ్బాను వాటేసుకున్నాడు. దొర నిద్ర లేచేసరికి అది మోటారులో ఉంది.

మామకు ఆ నాలుగు రోజులు నేల మీద కాలు నిలవలేదు. మంగళవారం పొద్దున్నే ఎర్రగుంట బయలుదేరాడు. మోటారు ఆగకుండా పోతుంటే అవ్వ పక్కన నిలబడి చూడాలని ఆయన కోరిక. వెళ్లేసరికి అవ్వ కాలికి పసరు కట్టుకుని, కుండలు పెట్టుకుని రోడ్డు మీదే ఉంది. మామ నవ్వాడు.

"ఇగ గివన్ని అక్కర లేదవ్వా. మాటు ఏసిన. సూస్తుండు, ఎట్ల పోతదో."

చుట్టూ ఉన్నవాళ్లు కూడా విన్నారు, సంబరపడ్డారు. మోటారు వచ్చింది. ఆగింది. దేవదాసు దిగి, మామ వైపు చూడకుండా మూత తీసి కుండ వంచాడు. నిండుగా ఉన్న డబ్బాలోకి నీళ్లు ఎక్కడికి పోతాయి? పొర్లి, బానెట్ మీదుగా చక్రాల మీదికి, రోడ్డు మీదికి పారాయి. నాలుగు కుండలూ అలాగే పోశాడు. మోటారు వెళ్లిపోయింది. రోడ్డు మీది తడి చూసి ఊరంతా మామ వైపు జాలిగా చూసింది.

"గప్పుడే ఊడిందా సిద్ధన్నా?" అన్నారు ఎవరో.

అవ్వ మాత్రం ఆ తడిలో వేలు ముంచి చూసింది. అందరూ పోయాక మెల్లగా అంది, "సల్లగున్నయి కొడుకా. పైకెల్లి పొర్లినయి, కిందికెల్లి కారలే. జిందగీ అంత కుండలు జేసినదాన్ని, నాకు తెల్వదా?"

అసలేం జరిగిందో దేవదాసు ఆ మధ్యాహ్నం కంచరి గల్లీకి వచ్చి చెప్పుకుని ఏడ్చాడు. శుక్రవారం సాయంత్రం తిరుగు దారిలో మొదటి ఊళ్లో మోటారు ఆపకుండా పోనిచ్చాడట.

"దొర 'ఎందుకాపలేదుర' అన్నడు. 'కారుతలేదు దొరా, మాటు ఏయించిన' అన్న. మెచ్చుకుంటడనుకున్న సిద్ధన్నా. 'కారుతుందా అని అడిగిన్నా నేను? ఎందుకాపలేదని అడిగిన' అన్నడు. మోటారు ఎనుకకు తిప్పిచ్చి, ఆ చీకట్లనే ఊరూర ఆపి నీళ్లు పోయించిండు. 'ఇయ్యాల నీళ్లు వద్దంటె, రేపు నాగలి పట్టుమంటె ఎందుకంటరు. మామూలు తప్పొద్దు' అన్నడు. మాటు సంగతి బయట పడితె నా ఇల్లు గూల్చి పిల్లలను తరుముతనన్నడు."

మామ చివరికి, "చిల్లు ఏడున్నదో సూస్కోకుంటనే మాటు ఏసిన" అన్నాడు. దేవదాసు పిల్లల కోసం మామా, అవ్వా నోరు కుట్టేసుకున్నారు. సిద్దిపేట దయగల ఊరు కదా, దాన్ని బాగా వాడుకుంది. బిందె తెచ్చినవాళ్లు, "గిదన్న ఆగుతదా, మోటారు లెక్కనేనా?" అని అడిగి మరీ ఇచ్చేవాళ్లు. కొందరు ఇవ్వడమే మానేశారు. కొత్త బిందె అడిగితేనే కయ్యానికి దిగే మనిషి, ఒక్క మాటతో అందరి నోళ్లూ మూయించగలిగీ, ఆ మాట అనకుండా నాలుగేళ్లు తల దించుకుని కూర్చున్నాడు. మా అత్త అప్పుడప్పుడూ ఉగ్రంగా గుమ్మం దాకా వచ్చి, ఆయన కళ్లు చూసి వెనక్కి పోయేది.

అవ్వ నిలబడుతూనే ఉంది. నీళ్లు అక్కర్లేని మోటారుకు రెండేళ్లు నీళ్లు మోసింది. నలభై ఆరు ఎండల్లో బావి గట్టు మీద జారి తుంటి విరిగి మంచాన పడింది. ఆ కబురు విని ఎల్లయ్య భివండి నుంచి దిగాడు. దొర మనుషులు ఆమె కుండలు ఎల్లయ్యకు అప్పజెప్పారు, ఎంతైనా వారసత్వం కదా. మిల్లుల్లో సమ్మెలు చూసి వచ్చిన మనిషి, ఏడాదిన్నర పళ్లు బిగబట్టి మోశాడు.

నలభై ఎనిమిది మొదట్లో దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘం గాలి మా వైపూ తగిలింది. గడీలు ఒక్కొక్కటే ఖాళీ అవుతున్నాయి. మా దొరకు కూడా హఠాత్తుగా పట్నంలో పని పడింది. ఫలానా పొద్దున పెట్టెలతో సహా బయలుదేరుతున్నాడని ఎర్రగుంటకు తెలిసింది. మామకు తెలిసి పరుగున వెళ్లేసరికి ఊరంతా రోడ్డు మీద ఉంది. కర్రలు లేవు, రాళ్లు లేవు. ఎల్లయ్య కట్టుబాటు చేశాడు, ఎవరూ చెయ్యెత్తకూడదు. మోటారు నీళ్లకు ఆగుతుంది. ఆగాక దొర చేతికి చేద, తాడు ఇవ్వాలి. బావి దాకా నడిచి, ఒక్క కుండ చేది, నెత్తిన పెట్టుకుని తెచ్చి పోసుకోవాలి. అంతే, తర్వాత ఎక్కడికైనా పోవచ్చు. తాడు ఇచ్చేది అవ్వ. ఆమెను నులక మంచంతో సహా మోసుకొచ్చి రోడ్డు పక్కన పెట్టారు. చేదతాడు ఒళ్లో పెట్టుకుని, కొత్త రవిక తొడుక్కుని కూర్చుంది. రెండేళ్లలో ఆమె గుమ్మం దాటడం అదే మొదలు.

మామ ఎల్లయ్యను పక్కకు లాగాడు.

"తమ్మీ, బండి అడ్డం పెట్టుండ్రి. గది ఆగదు."

"ఎందుకాగదు?"

"నా మాటు ఊడలేదురా. నాలుగేండ్ల సంది సుక్క కారలేదు. మీతోని ఊకె పోయిస్తుండు."

ఎల్లయ్య ఆయన భుజం తట్టాడు. అందులో ఎగతాళి కంటే జాలి ఎక్కువ ఉంది. "నీ మాటు సంగతి ఊరందరికి ఎరుకనేనన్నా. గుక్కెడు నీళ్లు పోయకుంటె గది సిద్దిపేట చేరదు. నువ్వు ఫికర్ జెయ్యకు."

మామ అవ్వ మంచం దగ్గరికి పరుగెత్తాడు. "నువ్వన్న జెప్పవ్వా. నీకు ఎరుకేనాయె."

అవ్వ తాడు సవరించుకుంది. "ఆగుతడు కొడుకా. మామూలు తప్పొద్దని అన్నది ఆయననే గదా."

దూరంగా దుమ్ము లేచింది. ముప్పై ఏళ్ల పనిలో మొట్టమొదటిసారి మామ తాను వేసిన మాటు ఊడిపోవాలని మొక్కుకున్నాడు. ఊడిపో, ఒక్క చుక్క కారు, నా తల్లి ముందు కారు అని పైకే అన్నాడట. మోటారు దగ్గరికొచ్చింది. దేవదాసు కాలు బ్రేకు మీదికి పోయిందట, నాలుగేళ్ల అలవాటు కదా. వెనక నుంచి దొర, "ఆపకుర, నీళ్లు అక్కర లేదు" అన్నాడట. నాలుగేళ్లలో మొదటిసారి ఆ సంగతి దొరగారికి జ్ఞాపకం వచ్చింది. మోటారు జనం మధ్య నుంచి దూసుకుపోయింది. ఆవిరి లేదు, బుస లేదు. దుమ్ము అణిగాక ఎల్లయ్య రోడ్డు మీదికి వెళ్లి వంగి చూశాడు. ఈ చివర నుంచి ఆ చివర దాకా ఎక్కడా తడి లేదు. నిలబడి మామ వైపు తిరిగాడు. ఊరంతా తిరిగింది.

మామ రోడ్డు మీద కూలబడి చంటిపిల్లాడిలా ఏడ్చాడు. అవ్వ మంచం మీది నుంచి చెయ్యి చాపి ఆయన తల నిమిరింది.

"మంచిగ ఏసినవ్ కొడుకా" అంది.

ఆ తర్వాత ఆమె ఒళ్లోని తాడు మామే తీసి చుట్ట చుట్టాడు. మంచం ఇంటికి మోస్తుంటే ఒక కోడు ఆయన పట్టాడు, ఒక కోడు ఎల్లయ్య పట్టాడు.